చలికాలం ఒళ్లు పగలకుండా చూసుకోవడం ఎలా: దీపావళి నుంచి శివరాత్రి దాకా

మా అమ్మ రాత్రి పడుకుని దుప్పటి కాళ్ల మీదికి లాక్కుంటుంటే చిన్నగా చర్రుమని చప్పుడు వచ్చేది. మడమ పగుళ్లకు దుప్పటి పోగులు తట్టుకునే చప్పుడు అది. పరకాల దగ్గర మా ఊళ్లో పత్తి ఏరే రోజులు మొదలైతే చాలు, దీపావళి దాటిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా ఆమె పాదాలు అట్లాగే ఉండేవి, ఒక్కో పగులులో బియ్యపు గింజ నిలబడేంత సందు, అందులోకి నల్లరేగడి మట్టి దిగి ఎంత కడిగినా పోయేది కాదు. "చలికాలం గిట్లనే ఉంటది బిడ్డా, శివరాత్రి పోతే అదే పోతది" అనేది. నేనూ చాలా ఏళ్లు అదే అనుకున్నాను. ఒక ఏడాది ఆ పగులులో చీము పట్టి పది రోజులు చేను మొహం చూడలేకపోయింది. అప్పుడు కూర్చుని డాక్టర్‌ని అడిగాను, చదివాను, ఇంట్లో ఒక్కొక్క అలవాటు మార్చి చూశాను. ఇప్పుడు మా ఇంట్లో పాటిస్తున్న పద్ధతంతా వరసగా రాస్తున్నాను, మీ ఇంట్లో అమ్మకో, నాయినకో, చిన్న పిల్లలకో పనికొస్తుంది.

ఒక్క మాట ముందే చెప్తాను. ఏ క్రీము కొన్నారు అన్నదాని కన్నా స్నానం ఎట్లా చేస్తున్నారు, రాసుకునేది ఏ నిమిషంలో రాసుకుంటున్నారు అన్నదే ఎక్కువ పని చేస్తుంది.

ఒళ్లు ఎందుకు పగులుతుంది

మన చర్మం పై పొరని ఇటుక గోడ అనుకోండి. కణాలు ఇటుకలు, వాటి మధ్య ఉండే సన్నటి కొవ్వు సిమెంటు. ఈ సిమెంటు బాగున్నంత కాలం లోపలి తేమ లోపలే ఉంటుంది. నవంబరు వచ్చేసరికి వానలు పోయి, ఉత్తరం నుంచి పొడిగాలి తిరుగుతుంది, ఆ గాలిలో తేమ తక్కువ కాబట్టి ఎక్కడ దొరికితే అక్కడ పీల్చుకుంటుంది. ఆరేసిన బట్టల్లోంచి పీల్చుకున్నట్టే మన ఒంట్లోంచి కూడా. పైగా మన వైపు చలికాలంలో పొద్దుగాల పన్నెండు, పదమూడు డిగ్రీలుంటే మధ్యాహ్నం ముప్ఫై దగ్గరికి పోతుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపైతే ఇంకా తీవ్రం, సిర్పూర్ (యు), తిర్యాణి పేర్లు ప్రతి చలికాలం వార్తల్లో వింటూనే ఉంటాం, అక్కడ 6, 7 డిగ్రీలకు పడిపోయిన రోజులున్నాయి.

ఇది చాలదన్నట్టు చలి అని మనం పొగలు కక్కే నీళ్లు పోసుకుంటాం, సబ్బు రెండుసార్లు రుద్దుతాం. గోడలో ఉన్న ఆ కాస్త సిమెంటూ కరిగి కాల్వలో పోతుంది. గాలిని మనం మార్చలేం కాబట్టి పని స్నానాల గదిలోంచి మొదలుపెట్టాలి.

మొదటి పని: నీళ్ల వేడి తగ్గించండి

ఇది చెప్తే ఎవరూ ఒప్పుకోరు, మా నాయినైతే ఇప్పటికీ గొణుగుతాడు. కానీ అన్నింట్లో ఎక్కువ ఫలితం దీనితోనే వస్తుంది. నీళ్లు ఒంటి వేడి దగ్గర ఉండాలి, అంటే సుమారు 37, 38 డిగ్రీలు. థర్మామీటర్ అక్కర్లేదు, బకెట్లో మోచేయి ముంచి చూడండి, వెచ్చగా హాయిగా ఉంటే సరి, మోచేయి వెనక్కి లాక్కోవాలనిపిస్తే చల్లనీళ్లు కలపాలి. స్నానం అయ్యాక ఒళ్లు ఎర్రబడినా, అద్దం మొత్తం ఆవిరి పట్టినా వేడి ఎక్కువైందని గుర్తు. రాడ్ హీటర్ వాడేవాళ్లు స్విచ్ ఆపి, ప్లగ్ తీసేశాకే నీళ్లలో చెయ్యి పెట్టండి, ఇది చర్మం కోసం కాదు ప్రాణం కోసం.

సమయం ఐదు నుంచి పది నిమిషాలు. వెచ్చగా ఉందని అరగంట పోసుకుంటూ కూర్చుంటే మొదట చర్మం ఉబ్బి, తర్వాత ఇంకా ఎక్కువ ఎండుతుంది. రెండు పూటలా స్నానం అలవాటున్నవాళ్లు సాయంత్రం పూట కాళ్లు, చేతులు, మొహం కడుక్కుంటే చాలు. చేను పని, సింగరేణి గనుల పని, దుమ్ములో తిరిగే పని చేసేవాళ్లకు ఇది కుదరదు, వాళ్లు రెండు పూటలా పోసుకోండి, కానీ ఒక పూట సబ్బు లేకుండా.

ఇంకో సంగతి నీళ్ల గురించి. చాలా ఊళ్లల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు నురగ రాదు, బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది. ఆ పొరే సబ్బుతో కలిసి ఒంటి మీద కూడా మిగులుతుంది, దురద పెడుతుంది. నల్లా నీళ్లు వచ్చే ఇంట్లో కనీసం ఆఖరి రెండు చెంబులు ఆ నీళ్లు పోసుకోండి.

రెండో పని: సబ్బు ఎక్కడ రుద్దాలో అక్కడే

మన చర్మం కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5 అటూ ఇటూ. మామూలు సబ్బు 9 నుంచి 10 దాకా. రోజూ ఒళ్లంతా సబ్బు రుద్దితే ప్రతి రోజూ ఆ గోడని కదిలిస్తున్నట్టే. చలికాలంలో సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు, మట్టి అంటిన చోటికి చాలు. చేతుల పైభాగం, పిక్కలు, వీపు, పొట్ట నీళ్లతోనే శుభ్రపడతాయి. మురికి పోదేమో అని టెన్షన్ పడకండి, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది, పిక్కల మీద తెల్ల పొలుసు తగ్గడం మీకే కనిపిస్తుంది.

సబ్బు కొనేటప్పుడు కవరు వెనక టీఎఫ్ఎం (సబ్బులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం) అని శాతం రాసి ఉంటుంది చూడండి. 76 శాతం, అంతకన్నా ఎక్కువైతే మొదటి గ్రేడ్ టాయిలెట్ సబ్బు. కొన్నిటి మీద సబ్బు అనే మాటే ఉండదు, బాతింగ్ బార్ అని ఉంటుంది, వాటిలో టీఎఫ్ఎం తక్కువగా ఉండొచ్చు. చర్మం బాగా పగిలేవాళ్లు, పిల్లల్లో ఎగ్జిమా (ఒళ్లు ఎర్రగా పొడిబారి దురద పెట్టే చర్మ జబ్బు) ఉన్నవాళ్లు మెడికల్ షాపులో సిండెట్ బార్ అని అడగండి, అది సబ్బు కాని సబ్బు, చర్మానికి దగ్గరి పీహెచ్‌తో ఉంటుంది. ధర ఎక్కువే, కానీ సబ్బు అక్కర్లేని చోట వాడకపోతే నెలల తరబడి వస్తుంది.

పీచుతో, రాయితో, గరుకు ప్లాస్టిక్ జాలీతో ఒళ్లు రుద్దడం ఈ నాలుగు నెలలూ ఆపేయండి. భోగి నాడు నలుగు పెట్టుకోవడం మానమని మాత్రం నేను చెప్పను. ఆ రోజు ముందు ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించి, ఓ అరగంట ఆగి, తర్వాతే శనగపిండి నలుగు మెల్లగా పెడతారు చూడండి, మన పెద్దవాళ్ల క్రమం చాలా సరైనది. నూనె లేకుండా ఉత్త పిండితో రోజూ రుద్దితేనే కష్టం, పిండి ఉన్న కాస్త జిడ్డునీ లాగేస్తుంది.

మూడో పని: మూడు నిమిషాల్లో రాసేయండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని గుర్తుపెట్టుకోండి. తువ్వాలుతో బరబరా తుడవకండి, అద్దండి, ఒంటి మీద కాస్త తడి మిగలాలి. ఆ తడి ఆరిపోకముందే, అంటే మూడు నిమిషాల లోపు, రాసుకునేది రాసేయాలి. క్రీము కానీ నూనె కానీ వాజలీన్ కానీ, వాటి ముఖ్యమైన పని ఉన్న తడిని లోపల మూసి పెట్టడం. బట్టలు వేసుకుని, టిఫిన్ చేసి, బస్సెక్కే ముందు గుర్తొచ్చి పొడి చేతుల మీద రాసుకుంటే మెరుపు వస్తుంది కానీ తేమ అప్పటికే గాలిలో కలిసిపోయి ఉంటుంది. మూత పెట్టాల్సింది కుండలో నీళ్లున్నప్పుడే కదా.

అందుకే మా ఇంట్లో డబ్బా బెడ్‌రూమ్ అద్దం దగ్గర్నుంచి తీసి స్నానాల గది కిటికీలో పెట్టాం. అంతే మార్పు. కనిపిస్తే రాసుకుంటారు, వేరే గదిలో ఉంటే మర్చిపోతారు.

ఎంత రాయాలి? పెద్దమనిషి ఒళ్లంతా ఒకసారి సరిగ్గా రాస్తే సుమారు 25, 30 గ్రాములు పడుతుంది. ఇది తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యమేసింది. అంటే 50 గ్రాముల అందమైన ట్యూబు రెండు రోజులకే అయిపోవాలి, మనం నెలంతా వాడుతున్నామంటే రాసుకోవాల్సిన దాంట్లో పదో వంతు కూడా రాయడం లేదన్నమాట. కాబట్టి చిన్న ఖరీదైన ట్యూబు కన్నా పెద్ద చవక డబ్బా మంచిది. ఒళ్లంతా రోజూ కుదరకపోతే పిక్కలు, ముంజేతులు, మోచేతులు, పాదాలు, వీటికి తప్పకుండా రాయండి, ఎక్కువగా ఎండేవి అవే. రాసేటప్పుడు వెంట్రుకలు పెరిగే దిశలో, పైనుంచి కిందికి.

ఏది రాయాలి

కొబ్బరి నూనె మంచిదే. పగుళ్లు పెద్దగా లేని మామూలు పొడి ఒంటికి సరిపోతుంది. దాదాపు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డకడుతుంది కాబట్టి పొద్దుగాల సీసాని స్నానం నీళ్ల బకెట్లో కాసేపు నిలబెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టాల్సిన పని లేదు. నువ్వుల నూనె కూడా అంతే, తడి ఒంటి మీద పల్చగా. ఆవ నూనె మాత్రం మంట పుట్టిస్తుంది, పసిపిల్లలకు వద్దు.

వాజలీన్, అంటే పెట్రోలియం జెల్లీ, తేమ బయటికి పోకుండా ఆపడంలో దాన్ని మించింది లేదు, ధర కూడా తక్కువ. జిడ్డుగా ఉంటుంది కాబట్టి రాత్రి పూట, మడమలకు, మోచేతులకు, పెదాలకు వాడుకోండి. మొటిమలు వచ్చే వయసు పిల్లలు మొహానికి కొబ్బరి నూనె రాయకపోవడమే మేలు.

గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది. కానీ సీసాలోంచి నేరుగా చిక్కగా రాయకండి, ఒక వంతు గ్లిజరిన్‌కి రెండు, మూడు వంతుల నీళ్లు కలిపి, రాశాక పైన పల్చగా వాజలీనో నూనో పూయాలి. ఏ రోజుకారోజు కలుపుకోండి, నిలవ పెట్టొద్దు.

లోషన్ కన్నా క్రీము చిక్కన, క్రీము కన్నా ఆయింట్‌మెంట్ చిక్కన. చలి పెరిగేకొద్దీ చిక్కనిదానికి మారాలి. కవరు మీద సెరమైడ్లు, గ్లిజరిన్, యూరియా లాంటి పేర్లుంటే పనికొచ్చే వస్తువని అర్థం. సువాసన గుప్పుమనేవాటికి దూరంగా ఉండండి, పగిలిన చర్మానికి ఆ సెంటే దురద తెప్పిస్తుంది.

మడమలు: మూడు వారాల పని

అమ్మ దగ్గర నేను చేసింది చెప్తాను. మొదటి రోజు ఆమె ఒప్పుకోలేదు, "నా కాళ్లు నువ్వు పట్టుకునుడేంది" అని వెనక్కి లాక్కుంది. మెల్లగా టబ్బులో పెట్టించాను.

రాత్రి బువ్వ తిన్నాక, టబ్బులో గోరువెచ్చని నీళ్లు, పదిహేను నిమిషాలు. అందులో ఉప్పు, సోడా, నిమ్మరసం ఏమీ వేయలేదు. నిమ్మరసం, వంట సోడా పగుళ్లలో మంట పెట్టి ఇంకా ఎండబెడతాయి. పదిహేను నిమిషాల్లో మడమ అంచు తెల్లగా, మెత్తగా అవుతుంది, గోటితో నొక్కితే గుంట పడుతుంది. అప్పుడు కాళ్లు రుద్దే ప్యూమిస్ రాయితో, ఒకే దిశలో, బలం పెట్టకుండా, ఒక్కో మడమకు ఒక నిమిషం. మొత్తం ఒక్క రోజే తీసేయాలని చూడకండి, ఆ గట్టి చర్మం నెలల తరబడి పేరుకుంది, వారానికి రెండు మూడు సార్లు కొంచెం కొంచెం పోవాలి. బ్లేడుతో కోయడం అసలే వద్దు, చాలామంది ఇళ్లల్లో చేస్తారు, ఆ కోసిన చోటే చీము పట్టేది.

తర్వాత అద్ది తుడిచి, వేళ్ల సందుల్లో పూర్తిగా పొడిగా తుడిచి, మడమకు మెడికల్ షాపులో దొరికే యూరియా క్రీము. శరీరానికైతే 10 శాతం చాలు, మడమకు 20, 25 శాతం దొరుకుతుంది. యూరియా గట్టి చర్మాన్ని మెత్తబరుస్తుంది, నీళ్లను పట్టి ఉంచుతుంది. కానీ పగులు లోపల ఎర్రగా, రక్తం కనిపించేలా ఉంటే యూరియా భగ్గుమంటుంది, అప్పుడు అది మూసుకునేదాకా వాజలీన్ ఒక్కటే. క్రీము మీద మందంగా వాజలీన్ పూసి, నూలు సాక్సులు తొడిగి పడుకోబెట్టాను. వేళ్ల సందుల్లో మాత్రం ఏ జిడ్డూ పెట్టకూడదు, అక్కడ తడి నిలిస్తే పాచి పడుతుంది, ఒరుస్తుంది.

వారం రోజులకు దుప్పటి తట్టుకోవడం ఆగింది. మూడో వారానికి పగులు అంచులు మూసుకున్నాయి, మట్టి రంగు గీతలు మాత్రం ఇంకో నెల ఉన్నాయి. చీరంచు మడమకు పట్టుకోకుండా నడుస్తున్నానని ఆమె మా పెద్దమ్మకు ఫోన్‌లో చెప్తుంటే విన్నాను.

క్రీము కొనలేనప్పుడు పాత పద్ధతి ఒకటుంది, అది కూడా పనిచేస్తుంది. ఒక చెంచా తేనె మైనం, నాలుగు చెంచాల కొబ్బరి నూనె, వేడి నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె పెట్టి కరిగించి, బాగా చల్లారి గట్టిపడ్డాక తీసి రాయడం. కొవ్వొత్తి కరిగించి వేడివేడిగా పగులులో పోసేవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి, కాలితే పగులు కన్నా పెద్ద పుండవుతుంది.

ఇంకా, ఇంట్లో గచ్చు మీద, బండల మీద ఉత్త కాళ్లతో నడవకండి. ఇంట్లోకి విడిగా ఒక మెత్తటి చెప్పుల జత పెట్టుకోండి. వెనక పట్టీ లేని చెప్పుల్లో మడమ కొవ్వు పక్కలకు పరుచుకుని అంచు చీలుతుంది, పత్తి చేనుకు పోయేటప్పుడు మడమ మూసే బూట్లు వేసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

షుగర్ ఉన్నవాళ్లకు ఈ నానబెట్టే, రుద్దే పద్ధతి వర్తించదు. వాళ్లు వేడి నీళ్లలో కాళ్లు నానబెట్టొద్దు, రాయితో రుద్దొద్దు, వాళ్ల పాదాలకు స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి కాలినా, తెగినా తెలియదు. రోజూ రాత్రి అరికాలు అద్దంలో చూసుకోవడం, క్రీము రాసుకోవడం, చిన్న పగులు కనిపించినా డాక్టర్‌కి చూపించడం, అంతే.

చేతులు

పత్తి ఏరేవాళ్లకు ఎండిన కాయ మొనలు గోటి చుట్టూ గుచ్చుకుని చర్మం లేస్తుంది. చేనుకు పోయేముందు వేళ్లకు పల్చగా వాజలీన్ రాసి, పాత నూలు గ్లౌజులు వేళ్ల కొసలు కత్తిరించి వేసుకుంటే ఏరడానికీ అడ్డం రాదు. లేచిన చర్మాన్ని పళ్లతో పీకకండి, నెయిల్ కట్టర్‌తో తీయండి.

మిర్చి సీజన్ ఇంకో బాధ. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి ఎర్రబస్తాలు రావడం మొదలైందంటే, కల్లాల్లో తొడిమలు తీసేవాళ్ల చేతులు రాత్రంతా మండుతూనే ఉంటాయి. ఆ మంట నీళ్లతో పోదు, కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు వంట నూనె ఏదైనా చేతులకు బాగా పట్టించి రెండు నిమిషాలు రుద్ది, గుడ్డతో తుడిచి, అప్పుడు సబ్బుతో కడగాలి. ఇది ఇంకోసారి చేయాలి. ఆ తర్వాతే కళ్లు, పిల్లలు, ఏదైనా ముట్టుకోవడం.

అంట్లు తోమేవాళ్లు తోమే సబ్బు చేతులకు నేరుగా అంటకుండా రబ్బరు గ్లౌజు వేసుకుంటే చాలు, వేసుకోలేకపోతే కనీసం తోమడం అయిన వెంటనే తడి చేతులకు కొబ్బరి నూనె. వంటగది సింకు పక్కన చిన్న సీసా పెట్టుకోండి.

పెదాలు, మొహం

పెదాలు ఎండితే నాలుకతో తడపడం అందరికీ అలవాటు. ఆ తడి ఆరేటప్పుడు పెదవిలో ఉన్న తేమను కూడా వెంట తీసుకుపోతుంది. చిన్న పిల్లలకైతే మూతి చుట్టూ ఎర్రటి గుండ్రటి మచ్చ కూడా పడుతుంది. వెన్న, నెయ్యి, వాజలీన్, ఏదైనా పర్వాలేదు, రోజుకి ఐదారుసార్లు, పడుకునే ముందు మందంగా. పుదీనా, కర్పూరం ఘాటుండే బామ్‌లు చల్లగా అనిపించినా పగిలిన పెదవిని ఇంకా రేపుతాయి. పొరలు లేస్తే పీకకండి. మూతి మూలలు మాత్రమే చీలి, వారం పది రోజులైనా మానకపోతే అది చలి వల్ల కాకపోవచ్చు, ఫంగస్ కానీ, బి విటమిన్లు, ఐరన్ తక్కువ కావడం కానీ ఉండొచ్చు, చూపించుకోండి.

మొహానికి రోజుకి రెండుసార్ల కన్నా ఎక్కువ సబ్బు అక్కర్లేదు, పొద్దున ఉత్త నీళ్లు కూడా చాలు. చలికాలం ఎండ హాయిగా ఉంటుందని గంటలు గంటలు కూర్చుంటాం, కానీ చర్మాన్ని నల్లబరిచే కిరణాలు ఎండ చల్లగా ఉన్నా వస్తూనే ఉంటాయి. బయట తిరిగేవాళ్లు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకోండి, లేదంటే రుమాలు, టోపీ. పొద్దుగాల కాజీపేట నుంచి హనుమకొండకు బండి మీద వచ్చేవాళ్లకైతే గాలి దెబ్బ వేరు, ఫుల్ హెల్మెట్ అద్దం దించి, చేతులకు గ్లౌజులు వేసుకుంటే ఆ పోటు చాలావరకు తగ్గుతుంది.

చలిమంట గురించి ఒక మాట. మంటకు దగ్గరగా రోజూ కాళ్లు చాపుకుని కూర్చునే ముసలివాళ్ల పిక్కల మీద గోధుమ రంగు వల లాంటి మచ్చలు పడతాయి, వేడికి చర్మం లోపల దెబ్బతిన్న గుర్తు అది. రెండు మూడు అడుగుల దూరం జరగండి, కాళ్ల మీద బట్ట కప్పుకోండి.

పసివాళ్లు, ముసలివాళ్లు

పసిబిడ్డకు నూనె మర్దన మంచిదే, మెత్తగా, గోరువెచ్చని గదిలో. తర్వాత శనగపిండితో నూనె మొత్తం పోయేలా రుద్దడమే తప్పు, ఆ నూనె కొంత ఒంటి మీద మిగలనివ్వండి. చెంపలు ఎర్రగా గరుకైతే ఉమ్మి, పాలు తుడిచాక పల్చగా వాజలీన్ రాయండి. ఉన్ని స్వెటర్ నేరుగా ఒంటికి తొడగకండి, లోపల నూలు బట్ట ఉండాలి, ఉన్ని పోగులకే చాలామంది పిల్లలు రాత్రంతా గోక్కుంటారు. సాంబ్రాణి పొగ దట్టంగా వేయొద్దు, ఊపిరికి మంచిది కాదు.

అరవై దాటినవాళ్ల చర్మంలో నూనె గ్రంథులు మందగిస్తాయి, పైగా కొన్ని బీపీ మాత్రలు ఒంట్లోని నీటిని బయటికి పంపేవి. వాళ్లు పిక్కలు గోక్కుని రక్తం తెచ్చుకుంటుంటే "చలికి" అని వదిలేయకండి, రెండు పూటలా మీరే రాయండి. వీపు మీద వాళ్ల చెయ్యి అందదు. రెండు వారాలు సరిగ్గా రాసినా దురద తగ్గకపోతే థైరాయిడ్, షుగర్, కిడ్నీ పరీక్షలు చేయించడం మంచిది, ఒళ్లంతా దురదకు అవి కూడా కారణాలు.

దురద అంతా చలిదే కాదు

ఇది చాలా జాగ్రత్తగా చదవండి. రాత్రి పూట దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, గజ్జల్లో చిన్న చిన్న పొక్కులుంటే, ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటే, అది పొడితనం కాదు, గజ్జి. చలికాలంలో హాస్టళ్లలో పిల్లలు ఒకే దుప్పటిలో దగ్గరగా పడుకున్నప్పుడు తొందరగా అంటుకుంటుంది. దానికి ఏ నూనె రాసినా పోదు, డాక్టర్ రాసే పర్మెత్రిన్ 5 శాతం క్రీము మెడ నుంచి అరికాలు దాకా రాసి, రాత్రంతా ఉంచి పొద్దున కడగాలి, వారానికి మళ్లీ ఒకసారి. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి, దురద లేనివాళ్లు కూడా. బట్టలు, దుప్పట్లు వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టర్‌ని అడిగే వాడాలి.

గుండ్రంగా, అంచు ఎర్రగా, మధ్యలో తేరుకున్నట్టు ఉంటే తామర. మోకాళ్లు, మోచేతులు, తల మీద మందంగా వెండి రంగు పొలుసులుంటే సోరియాసిస్ కావొచ్చు, అది చలికాలంలో ఎక్కువవుతుంది.

వీటన్నింటికీ మెడికల్ షాపులో "దురదకు ఏదైనా ఇవ్వండి" అని అడిగితే చేతికొచ్చేది చాలాసార్లు స్టెరాయిడ్ క్రీము. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఈ పేర్లు ట్యూబు మీద చదవండి. రెండు రోజుల్లో దురద మాయమవుతుంది, అందుకే నమ్ముతాం. తామర మీద రాస్తే పైకి తగ్గినట్టు కనిపించి లోపల పాకుతుంది, మొహానికి తెల్లబడాలని రాస్తే చర్మం పల్చబడి ఎర్ర నరాలు తేలి, మానేసిన రోజు మంటలెత్తుతుంది. మా పక్కింటి అమ్మాయి పెళ్లికి ముందు రెండు నెలలు రాసుకుని, పెళ్లి నాటికి ఎండలో నిలబడలేకపోయింది, ఆ ఏడుపు నేను చూశాను. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం నిబంధన మార్చింది. చీటీ లేకుండా ఇస్తామన్నా తీసుకోకండి. వరంగల్ చుట్టుపక్కల వాళ్లకు ఎంజీఎం ఆసుపత్రిలో చర్మ వ్యాధుల విభాగం ఉంది, ఓపీలో చూపించుకోవచ్చు.

పగులులో చీము, చుట్టూ ఎరుపు, వాపు, జ్వరం, ఇవి వస్తే ఇంట్లో ఏదీ చేయకుండా అదే రోజు వెళ్లండి.

చుండ్రు, తిండి

చుండ్రు పొడితనం అనుకుని నూనె మీద నూనె పెడతాం, కానీ చుండ్రుకు కారణమయ్యే ఫంగస్ ఆ నూనెనే తిని పెరుగుతుంది. కీటోకొనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, తలకు పట్టించి ఐదు నిమిషాలు ఆగి కడిగితే నెలలో తగ్గుతుంది.

తిండితో రాత్రికి రాత్రి చర్మం మారదు, అలా చెప్పేవాళ్లని నమ్మకండి. నీళ్లు కూడా అంతే, దాహం వేయదని చలికాలంలో తాగడం తగ్గించకండి, కానీ ఐదు లీటర్లు తాగితే పిక్కల పొలుసు పోదు. ఈ కాలంలో దొరికే జామ, ఉసిరి, రేగుపండ్లు, సకినాల్లో వేసే నువ్వులు, అన్నీ తినండి, ఒంటికి మంచివి.

మేడారం జాతరకు పోయేవాళ్లు సంచిలో చిన్న వాజలీన్ డబ్బా వేసుకోండి. తెల్లవారుజామున జంపన్నవాగులో స్నానం, ఆ తర్వాత రోజంతా దుమ్ము, గాలి. వాగులోంచి బయటికి రాగానే పిల్లల మొహాలకు, చేతులకు రాస్తే చాలు.

శివరాత్రి దాటి పగలు చెమట పట్టడం మొదలయ్యాక ఒంటికి వాజలీన్, చిక్కటి క్రీములు ఆపి లోషన్‌కి మారండి, లేకపోతే చెమటకాయలు లేస్తాయి. మడమల పని మాత్రం ఉగాది దాకా వారానికి రెండుసార్లు చేయండి, అక్కడి చర్మం మందం కాబట్టి నెమ్మదిగా మారుతుంది. మా అమ్మ టబ్బు ఇప్పుడు తనే తెచ్చుకుంటుంది, రాత్రి సీరియల్ చూస్తూ కాళ్లు అందులో పెట్టుకుని కూర్చుంటుంది.